పరిశోధన పరిభాష

తెలియని విషయాన్ని తెలుసుకోవడానికి, తెలిసిందనుకొన్న విషయం నిజమో కాదో తేల్చుకోవడానికి క్రమపద్ధతిలో సాగే కృషిని పరిశోధన అంటారు. ‘శోధన’ అనే పదానికి వెదకడం అనే అర్థం ఉన్నది; శుద్ధి చేయడం అనే అర్థమూ ఉన్నది. పరిశోధకుడు ఈ రెండు పనులూ చేస్తాడు. విషయాన్ని వెదకి తెస్తాడు. తెచ్చినదానిలో తాలును తొలగించి గింజను నిలుపుతాడు. ధాన్యం చెరగడానికి చేట ఎంత అవసరమో, ఆలోచనలను చెరగడానికి కచ్చితమైన పదాలు అంత అవసరం.

‘పరిశోధనలో తేలింది’ అనే మాట నేడు పత్రికలలోను, ప్రకటనలలోను తరచుగా కనిపిస్తుంది. ఒక నూనె గుండెకు మంచిదని తేలిందంటారు. ఒక మందు జుట్టు రాలడాన్ని ఆపుతుందని తేలిందంటారు. ఎవరి పరిశోధనలో తేలింది? ఎంతమందిని పరీక్షించారు? తేలిందా, లేక అలా ఉండవచ్చునని ఊహించారా? ఈ ప్రశ్నలు వేయగలిగినవాడు మోసపోడు. ప్రశ్నించడానికి కావలసిన సాధనం పరిశోధన పరిభాష. ఇందులోని ఒక్కొక్క పదం ఒక్కొక్క స్థాయి నిశ్చయాన్ని తెలుపుతుంది. ఆ స్థాయిని గుర్తించడమే పరిశోధన వ్యాసాన్ని చదవడం. ఆ స్థాయిని దాటకుండా చెప్పడమే పరిశోధన వ్యాసాన్ని రాయడం.

పరిభాష – స్వభావం

ఒక శాస్త్రంలోగాని, వృత్తిలోగాని నిర్ణీతమైన అర్థంలో వాడే పదాన్ని పారిభాషిక పదం అంటారు. అటువంటి పదాల సముదాయం పరిభాష. నిత్య వ్యవహారంలో ఒక మాటకు అనేకార్థాలు ఉండవచ్చు. పరిభాషలో ఆ స్వేచ్ఛ ఉండదు. ఉదాహరణకు ‘ప్రమాణం’ అనే పదాన్ని గమనించవచ్చు. న్యాయస్థానంలో సాక్షి చేసే ప్రమాణం ఒట్టు. భౌతికశాస్త్రంలో ప్రమాణం కొలతకు ఆధారమైన పరిమాణం. తర్కశాస్త్రంలో ప్రమాణం యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనం. పదం ఒకటే అయినా శాస్త్రాన్నిబట్టి అర్థం మారుతున్నది. అందువల్ల వ్యాసకర్త తాను ఏ అర్థంలో ఒక పదాన్ని వాడుతున్నాడో ముందుగానే చెప్పవలసి ఉంటుంది. అలా చెప్పడాన్ని నిర్వచనం అంటారు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వివిధ శాస్త్రాలలో పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ఉన్నత విద్యను తెలుగు మాధ్యమంలో బోధించడానికి ఆ పదాలు ఉపకరించాయి. వాటిలో కొన్ని వాడుకలో స్థిరపడ్డాయి. కొన్నిచోట్ల ఒకే భావానికి రెండు మూడు పదాలు కనిపిస్తాయి. ‘పరికల్పన’ అన్నా ‘ప్రాక్కల్పన’ అన్నా భావం ఒకటే. వ్యాసం రాసేవారు వాటిలో ఒకదానిని ఎన్నుకొని చివరిదాకా దానినే వాడడం మంచిది.

పదాల అర్థాన్ని విడిగా కంఠస్థం చేయడం కంటే, ఒక పరిశోధన నడిచిన తీరులో వాటిని చూడడం సులభం. అందుకు తెలుగు నేలతో సంబంధం ఉన్న ఒక ప్రసిద్ధ పరిశోధన ఉన్నది. అది మలేరియా వ్యాప్తిపై రొనాల్డ్ రాస్ చేసిన పరిశోధన.

సమస్య – పరికల్పన

ప్రతి పరిశోధన ఒక ప్రశ్నతో మొదలవుతుంది. దానినే పరిశోధన సమస్య అంటారు. ఇక్కడ ‘సమస్య’ అంటే కష్టం కాదు. సమాధానం కావలసిన ప్రశ్న. మలేరియాను తెలుగువారు చలిజ్వరం అనేవారు. ‘మలేరియా’ అనే పేరు ఇటాలియన్ భాషలో చెడుగాలి అనే అర్థం గల మాటల నుంచి వచ్చింది. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్ల ఈ జ్వరం వస్తుందని శతాబ్దాల తరబడి నమ్మారు. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో ఒక సూక్ష్మమైన పరాన్నజీవిని చూశారు. దానితో కొత్త ప్రశ్న పుట్టింది. ఆ పరాన్నజీవి ఒక మనిషి నుంచి మరొక మనిషికి ఎలా చేరుతున్నది? ఇదే పరిశోధన సమస్య.

సమస్యకు తాత్కాలికంగా ఊహించి చెప్పిన సమాధానం పరికల్పన. అది వట్టి ఊహ కాదు. అంతవరకు తెలిసిన విషయాల ఆధారంగా ఏర్పడి, పరీక్షకు నిలబడడానికి సిద్ధంగా ఉండే ఊహ. 1894లో ఇంగ్లండులో పాట్రిక్ మాన్సన్ ఒక పరికల్పనను ప్రకటించారు. మలేరియా పరాన్నజీవి తన జీవితంలో ఒక దశను దోమ శరీరంలో గడుపుతుందని, ఆ దోమ నీటిలో చనిపోగా ఆ నీటిని త్రాగినందువల్ల మనిషికి వ్యాధి సోకుతుందని ఆయన భావించారు. ఇందులో మొదటి భాగం నిజమని తరువాత తేలింది. రెండవ భాగం తప్పని తేలింది. పరికల్పన తప్పు కావడం అవమానం కాదు. తప్పో ఒప్పో తేల్చడానికి వీలులేని విధంగా చెప్పడమే లోపం. ‘దోమలకు, జ్వరానికి ఏదో సంబంధం ఉన్నది’ అంటే దానిని పరీక్షించే మార్గం లేదు. ‘రోగిని కుట్టిన దోమ శరీరంలో పరాన్నజీవి పెరుగుతుంది’ అంటే దోమను కోసి చూడవచ్చు.

పరిశీలన – నమూనా – దత్తాంశం

రాస్ భారతదేశంలో సైనిక వైద్యుడు. ఆయన 1895 నుంచి మాన్సన్ పరికల్పనను పరీక్షించడానికి పూనుకొన్నారు. రోగులను కుట్టిన దోమలను సేకరించి, సూక్ష్మదర్శిని క్రింద వాటి శరీర భాగాలను పరిశీలించారు. రెండేళ్ళపాటు ఆశించినది కనిపించలేదు. ఆయన పరీక్షించిన దోమల జాతులు మనుషులకు మలేరియాను మోసేవి కాకపోవడమే దానికి కారణం. ఇటువంటి ఫలితాన్ని ప్రతికూల ఫలితం అంటారు. ప్రతికూల ఫలితం వృథా కాదు. వెదకవలసిన చోటును అది కుదించి చూపుతుంది.

1897 ఆగస్టులో రాస్ సికింద్రాబాదులో ఉన్నారు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున తీసుకొని, దోమలచేత కుట్టించుకొన్నాడు. ఇవి రెక్కల మీద మచ్చలున్న దోమలు. నేడు ఎనాఫిలిస్ అని పిలిచే రకం. ఆగస్టు 20వ తేదీన వాటిలో ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని వర్ణకణికలు గల గుండ్రని కణాలు కనిపించాయి. మలేరియా పరాన్నజీవిలోను అటువంటి కణికలే ఉంటాయి. మరునాడు మిగిలిన దోమను కోసి చూడగా ఆ కణాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే అవి దోమ శరీరంలో పెరుగుతున్నాయి.

ఇక్కడ కొన్ని పదాలను వేరుచేసి చూడవలసి ఉన్నది. ఒక ఉద్దేశంతో, శ్రద్ధతో చూసి నమోదు చేయడం పరిశీలన. పరిశీలన వల్ల లభించిన అంకెలు, వివరాలు, వర్ణనలు దత్తాంశాలు. ‘దత్తం’ అంటే ఇవ్వబడినది. అవి పరిశోధకుడు కల్పించినవి కావు. వస్తువు తనంతట తాను ఇచ్చినవి. మొత్తం సముదాయాన్ని పరీక్షించడం సాధ్యం కానప్పుడు దాని నుంచి ఎన్నుకొన్న కొంత భాగం నమూనా. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తారు. ఆ మెతుకు నమూనా. కాని గిన్నెలోని బియ్యమంతా ఒకటే రకమై, సమంగా కలిసి ఉడికినప్పుడే ఒక మెతుకు చాలుతుంది. మనుషుల అలవాట్లను, ఆదాయాలను, అభిప్రాయాలను పరిశీలించేటప్పుడు ఒక మెతుకు చాలదు. నమూనా తగినంత పెద్దదిగా, అన్ని వర్గాలకు ప్రాతినిధ్యం వహించేదిగా ఉండాలి.

రాస్ తాను చూసిన విషయాన్ని అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని విచిత్ర వర్ణకణాలను గురించి అని ఆ వ్యాస శీర్షిక భావం. ‘మలేరియా రహస్యం బయటపడింది’ అని ఆయన పేరు పెట్టలేదు. నమూనా రెండు దోమలు మాత్రమేనని శీర్షికలోనే చెప్పారు. కణాలు పరాన్నజీవులేనని అనక, ‘విచిత్ర కణాలు’ అని మాత్రమే అన్నారు. మనసులో ఎంత నమ్మకం ఉన్నా, చేతిలో ఉన్న ఆధారాన్ని మించి మాట చెప్పకపోవడం ఇక్కడ గమనించదగినది.

ఆ రోగి ప్రస్తావన మరొక పదాన్ని గుర్తు చేస్తుంది. మనుషులపై పరిశోధన చేసేటప్పుడు విషయమంతా వారికి అర్థమయ్యేలా వివరించి, వారు స్వేచ్ఛగా ఇచ్చే అంగీకారాన్ని పొందాలి. దీనిని అవగాహనతో కూడిన సమ్మతి అంటారు. రాస్ కాలంలో దీనికి నేడున్నంత స్పష్టమైన నియమాలు లేవు. నేడు ఇది పరిశోధన నైతికతలో మొదటి సూత్రం. అణా ఇచ్చినంత మాత్రాన సమ్మతి పొందినట్లు కాదని నేటి పరిశోధకుడు తెలుసుకోవాలి.

ప్రయోగం – చరరాశి – నియంత్రణ

ప్రకృతిలో జరుగుతున్నదానిని చూడడం పరిశీలన. పరిస్థితులను తానే ఏర్పరచి, ఒక అంశాన్ని మార్చి, ఏమి జరుగుతుందో చూడడం ప్రయోగం. 1898లో రాస్ కలకత్తాకు మారారు. అక్కడ మలేరియా రోగులపై పరిశోధన సాగించడం కష్టమై, పక్షులకు వచ్చే మలేరియాను ఎన్నుకొన్నారు. ఆయన మూడు పిచ్చుకలను తీసుకొన్నారు. ఒకదాని రక్తంలో పరాన్నజీవులు లేవు. రెండవదానిలో ఒక మోస్తరుగా ఉన్నాయి. మూడవదానిలో చాలా ఎక్కువగా ఉన్నాయి. ఒక్కొక్క పిచ్చుకను కుట్టిన దోమలలో పదేసి దోమలను కోసి, వాటిలోని వర్ణకణాలను లెక్కించారు. మొదటి పిచ్చుకను కుట్టిన పది దోమలలో ఒక్క కణమూ లేదు. రెండవదానిని కుట్టిన పది దోమలలో మొత్తం 292 కణాలు, మూడవదానిని కుట్టిన పది దోమలలో మొత్తం 1009 కణాలు కనిపించాయి. అంటే దోమ ఒక్కింటికి సగటున వరుసగా సున్న, 29, 101 కణాలు.

విలువ మారగల అంశాన్ని చరరాశి అంటారు. ఈ ప్రయోగంలో పరిశోధకుడు ఎన్నుకొని మార్చిన అంశం పిచ్చుక రక్తంలోని పరాన్నజీవుల సంఖ్య. అది స్వతంత్ర చరరాశి. దానిని అనుసరించి మారినది దోమలోని కణాల సంఖ్య. అది ఆధారిత చరరాశి. పరాన్నజీవులు లేని పిచ్చుకను కుట్టిన దోమలు నియంత్రిత సమూహం. ఈ సమూహం లేకపోతే ‘కణాలు దోమలలో సహజంగానే ఉంటాయేమో’ అనే సందేహానికి జవాబు ఉండదు. ఒక ఎరువు వల్ల పైరు బాగా పెరిగిందని చెప్పాలంటే, ఆ ఎరువు వేయని మడి కూడా పక్కనే ఉండాలి. నేల, నీరు, విత్తనం రెండింటికీ ఒకటే కావాలి. పరిశోధన నివేదికను చదివేవారు మొదట వెదకవలసినది ఆ రెండవ మడినే.

తరువాత రాస్ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని చూశారు. దోమకాటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు వ్యాధి సోకుతుందని నిరూపించారు. అయితే ఈ నిరూపణ పక్షులకు సంబంధించినది. ఒక సందర్భంలో తేలిన విషయాన్ని విస్తృతమైన సముదాయానికి వర్తింపజేయడం సాధారణీకరణం. పిచ్చుకల విషయంలో తేలినది మనుషులకూ వర్తిస్తుందని చెప్పడానికి వేరుగా రుజువు కావలసి వచ్చింది. 1898లోనే ఇటలీలో గ్రాసీ, బిగ్నామీ, బాస్టియనెల్లి అనే శాస్త్రవేత్తలు ఎనాఫిలిస్ దోమ ద్వారా మనిషికి మలేరియా సోకుతుందని చూపారు. 1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు నోబెల్ బహుమతులు లభించాయి. ఒకరు చూసినది, ఒకరు ఊహించినది, ఒకరు పరీక్షించినది, వేరొకరు విస్తరించినది కలిసి ఒక సిద్ధాంతమైంది.

సహసంబంధం – కార్యకారణ సంబంధం

రెండు అంశాలు కలిసి మారుతూ కనిపిస్తే వాటి మధ్య సహసంబంధం ఉన్నదంటారు. ఒకటి మరొకదానిని కలిగిస్తే అది కార్యకారణ సంబంధం. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల కలిగే అనర్థం చిన్నది కాదు. చిత్తడి నేలల దగ్గర చలిజ్వరం ఎక్కువని పూర్వులు గుర్తించడంలో పొరపాటు లేదు. ఆ సహసంబంధం నిజమైనదే. కారణం గాలి అనుకోవడంలో పొరపాటు ఉన్నది. నిలిచిన నీటిలో దోమలు పెరుగుతాయి. దోమలు వ్యాధిని మోస్తాయి. చెడుగాలే కారణమని నమ్మినంతకాలం దోమకాటును ఎక్కువమంది ప్రమాదంగా ఎంచలేదు. చూసినది సరియైనదైనా, దానికి చెప్పిన కారణం తప్పయితే మందు రోగాన్ని చేరదు.

విద్యార్థులకు దగ్గరగా ఉన్న ఉదాహరణను కూడా ఊహించవచ్చు. ఒక కళాశాలలో దూరగ్రామాల నుంచి బస్సులో వచ్చే విద్యార్థులకు మార్కులు తక్కువ వస్తున్నాయని ఒక విద్యార్థి గమనించాడనుకోవచ్చు. ‘బస్సు ప్రయాణం వల్ల మార్కులు తగ్గుతున్నాయని రుజువైంది’ అని రాస్తే అది తొందరపాటు. ప్రయాణపు అలసట కారణం కావచ్చు. ఇంటివద్ద పొలం పనులు కారణం కావచ్చు. పుస్తకాలు కొనలేని పేదరికం కారణం కావచ్చు. కారణం పేదరికమైతే మరొక బస్సు వేసినందువల్ల మార్కులు పెరగవు. పదం తప్పితే పరిష్కారమూ తప్పుతుంది.

సాహిత్య, చరిత్ర రంగాల పదాలు

పరిశోధన ప్రయోగశాలకు పరిమితం కాదు. సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రం వంటి రంగాలలో ఆధారాలను సేకరించి తూచడమే ప్రధానం. ఒక కాలానికి చెందిన శాసనాలు, తాళపత్ర ప్రతులు, నాణేలు, ఉత్తరాలు, దినచర్యలు ప్రాథమిక ఆధారాలు. వాటిని ఆధారం చేసుకొని తరువాతివారు రాసిన గ్రంథాలు, వ్యాసాలు ద్వితీయ ఆధారాలు.

సి.పి. బ్రౌన్ కడపలోను, ఇతర ప్రాంతాలలోను తెలుగు తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత వాటిని పోల్చి చూపించారు. ఆయన సంకలనం చేసిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. ఒకే పద్యం వేరువేరు ప్రతులలో వేరువేరు మాటలతో ఉంటే ఆ భేదాన్ని పాఠాంతరం అంటారు. మూలంలో లేక, తరువాత ఎవరో చేర్చిన భాగం ప్రక్షిప్తం. ప్రతులన్నింటినీ సరిపోల్చి, సరియైన పాఠాన్ని నిర్ణయించడం పరిష్కరణ. వేమన పేరుతో వేల పద్యాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో ఏవి ఆయనవి అన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఈ మూడు పదాలూ కావాలి.

ప్రజల మధ్యకు వెళ్ళి సమాచారం సేకరించడం క్షేత్ర పరిశోధన. ముందుగా సిద్ధం చేసుకొన్న ప్రశ్నల పట్టిక ప్రశ్నావళి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం క్షేత్ర పరిశోధనకు మంచి ఉదాహరణ. వ్యవసాయ పదాలతో కూడిన దాని మొదటి సంపుటం 1962లో వెలువడింది. నాగలి భాగాలకు, మట్టి రకాలకు, కోత పనులకు వివిధ ప్రాంతాల రైతులు వాడే పదాలు అందులో చోటు చేసుకొన్నాయి. రైతు నోటి మాట అక్కడ దత్తాంశమైంది.

పూర్వపక్షం – సిద్ధాంతం

భారతీయ తర్క సంప్రదాయం పరిశోధనకు ఉపకరించే కొన్ని పదాలను ఎప్పుడో సిద్ధం చేసింది. శాస్త్ర గ్రంథాలలో రచయిత తన మతాన్ని చెప్పడానికి ముందు ఎదుటివారి వాదాన్ని వివరిస్తాడు. అది పూర్వపక్షం. దానికి సమాధానం చెప్పి తాను స్థాపించే నిర్ణయం సిద్ధాంతం. పూర్వపక్షాన్ని బలహీనపరచి చూపడం పండితుల దృష్టిలో దోషం. ఎదుటివాని వాదాన్ని అతడే మెచ్చుకొనేంత బలంగా చెప్పి, ఆ తరువాత ఖండించాలి. నేటి పరిశోధన వ్యాసాలలో ఉండే పూర్వ పరిశోధనల సమీక్ష ఇటువంటిదే. ఇంతకుముందు ఎవరు ఏమి చెప్పారు, అందులో ఏది నిలిచింది, ఏ ఖాళీ మిగిలింది అని చెప్పిన తరువాతనే కొత్త మాటకు చోటు ఏర్పడుతుంది.

న్యాయశాస్త్రంలో వాదానికి ఐదు అవయవాలు చెప్పారు. కొండపై నిప్పు ఉన్నది అనడం ప్రతిజ్ఞ. పొగ ఉండడం వల్ల అనడం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటయింటిలో వలె అనడం ఉదాహరణ. ఈ కొండ కూడా అటువంటి పొగ గలదే అనడం ఉపనయం. కనుక కొండపై నిప్పు ఉన్నది అనడం నిగమనం. విద్యార్థి తన వ్యాసంలోని ప్రతి వాదాన్ని ఈ ఐదు మెట్లమీద నిలిపి చూసుకొంటే, ఏ మెట్టు విరిగి ఉన్నదో వెంటనే తెలుస్తుంది. ఎక్కువగా విరిగేది హేతువు.

‘సిద్ధాంతం’ అనే పదం విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ‘అదంతా సిద్ధాంతమే, ఆచరణలో కుదరదు’ అని లోకంలో అంటారు. విజ్ఞానశాస్త్రంలో సిద్ధాంతం అంటే అనేక పరీక్షలకు నిలిచి, అనేక విషయాలను ఒక్క సూత్రంతో వివరించగల నిర్ణయం. పరికల్పన మొలక అయితే, సిద్ధాంతం ఎన్నో గాలివానలకు తట్టుకొన్న చెట్టు. విశ్వవిద్యాలయంలో పట్టం కోసం సమర్పించే గ్రంథాన్ని సిద్ధాంత వ్యాసం అంటారు.

క్రియాపదాల బలాబలాలు

పరిశోధన వ్యాసంలో అర్థభారాన్ని ఎక్కువగా మోసేవి క్రియాపదాలు. ఒక పండితుని మాటను ప్రస్తావించేటప్పుడు ‘అన్నారు’ అనే పదంతోనే సరిపెట్టరాదు. విషయాన్ని ఉన్నది ఉన్నట్లు చెబితే ‘పేర్కొన్నారు’. సొంత నమ్మకాన్ని తెలిపితే ‘అభిప్రాయపడ్డారు’. కొత్త ఆలోచనను ముందుకు తెస్తే ‘ప్రతిపాదించారు’. కారణాలతో నిలబెట్టడానికి ప్రయత్నిస్తే ‘వాదించారు’. ఆధారాలతో సందేహానికి తావులేకుండా చేస్తే ‘నిరూపించారు’. ఇతరుల వాదం చెల్లదని కారణాలు చూపితే ‘ఖండించారు’. మాన్సన్ ప్రతిపాదించారు, రాస్ పక్షుల విషయంలో నిరూపించారు. ఈ రెండు క్రియలను తారుమారు చేస్తే చరిత్రే తారుమారవుతుంది.

ఫలితాలను గురించి చెప్పే క్రియలకు కూడా ఒక మెట్ల వరుస ఉన్నది. ‘సూచిస్తున్నది’ అన్నది మొదటి మెట్టు. ‘బలపరుస్తున్నది’ అన్నది రెండవ మెట్టు. ‘నిరూపిస్తున్నది’ అన్నది చివరి మెట్టు. బస్సు ప్రయాణం గురించిన పరిశీలనను ఇలా రాయవచ్చు: ‘ఒక కళాశాలకు చెందిన 40 మంది విద్యార్థుల నుంచి సేకరించిన దత్తాంశాలు ప్రయాణ దూరానికి, మార్కులకు సహసంబంధం ఉన్నట్లు సూచిస్తున్నాయి. కుటుంబ ఆదాయాన్ని ఈ పరిశీలనలో లెక్కలోకి తీసుకోలేదు.’ ఈ రెండు వాక్యాలలో నమూనా ఉన్నది, తగిన క్రియ ఉన్నది, పరిమితి కూడా ఉన్నది. పరిమితిని చెప్పుకోవడం వ్యాసానికి బలమే.

‘ఇప్పటివరకు లభించిన’, ‘ఈ ఆధారాల మేరకు’, ‘కావచ్చు’ అనే మాటలను పిరికితనానికి గుర్తుగా భావించరాదు. కడప జిల్లాలోని కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనాన్ని ‘తెలుగులో మొదటి శాసనం’ అని చెప్పడం కంటే, ‘ఇప్పటివరకు లభించిన తెలుగు శాసనాలలో ప్రాచీనమైనదిగా పండితులు భావిస్తున్న శాసనం’ అని చెప్పడం సమంజసం. రేపు మరొక శాసనం బయటపడినా ఆ వాక్యం అబద్ధం కాదు.

ఉల్లేఖనం – నిజాయితీ

ఇతరుల మాటలను యథాతథంగా తీసుకొని, ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచి, వారి పేరు చెప్పడం ఉల్లేఖనం. వారి భావాన్ని సొంత మాటలలో చెప్పడం భావానువాదం. అక్కడ కూడా పేరు చెప్పవలసిందే. పుట అడుగున ఇచ్చే వివరణ అధోజ్ఞాపిక. ఉపయోగించిన పుస్తకాల పట్టిక ఉపయుక్త గ్రంథసూచి. ఇతరుల మాటలనుగాని, భావాలనుగాని పేరు చెప్పకుండా తనవిగా చూపడం గ్రంథచౌర్యం. లేని దత్తాంశాలను కల్పించడం దానికంటే పెద్ద నేరం. గ్రంథచౌర్యం ఒక రచయితకు అన్యాయం చేస్తుంది. కల్పిత దత్తాంశం దానిని నమ్మి చికిత్స పొందిన రోగికి, విత్తనం వేసిన రైతుకు అన్యాయం చేస్తుంది.

ప్రచురణకు వచ్చిన వ్యాసాన్ని అదే రంగంలోని ఇతర నిపుణులు పరిశీలించి గుణదోషాలు చెప్పడాన్ని నిపుణుల సమీక్ష అంటారు. ఒకరు చేసిన ప్రయోగాన్ని మరొకరు, మరొకచోట, అదే పద్ధతిలో మళ్ళీ చేసి చూడడం పునఃపరీక్ష. అందుకు వీలుగా పరిశోధకుడు తన పద్ధతిని దాపరికం లేకుండా వివరించాలి.

వ్యాస నిర్మాణం

సాధారణంగా పరిశోధన వ్యాసం ఒక క్రమంలో నడుస్తుంది. మొదట సంగ్రహం, అంటే వ్యాస సారాంశం. తరువాత ప్రస్తావన, ఇందులో సమస్య, దాని ప్రాముఖ్యం, పూర్వ పరిశోధనల సమీక్ష ఉంటాయి. ఆ తరువాత పద్ధతి, ఫలితాలు, చర్చ, నిర్ధారణ, గ్రంథసూచి వరుసగా వస్తాయి. ఫలితాలు ఏమి కనిపించిందో చెబుతాయి. చర్చ దాని అర్థం ఏమిటో చెబుతుంది. 1009 కణాలు కనిపించాయనడం ఫలితం. అవి పిచ్చుక రక్తం నుంచి వచ్చిన పరాన్నజీవులనడం వ్యాఖ్యానం. చూసినదానిని, అనుకొన్నదానిని ఒకే వాక్యంలో కలపకుండా ఉండడం మంచి వ్యాసానికి మొదటి లక్షణం.

చదివేటప్పుడు మాత్రం ఈ క్రమాన్నే పాటించనక్కరలేదు. సంగ్రహం చదివి, నిర్ధారణ చూసి, ఆ నిర్ధారణకు తగిన ఆధారం పద్ధతిలోను, ఫలితాలలోను ఉన్నదో లేదో పరీక్షించుకోవచ్చు. నిర్ధారణ ఆధారాన్ని మించి ఉంటే అక్కడ ఒక గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తు నుంచే మరొక పరిశోధన ప్రారంభం కావచ్చు.

రాస్ పరిశోధన చేసిన భవనం హైదరాబాదులోని బేగంపేటలో నేటికీ ఉన్నది. అక్కడ ఆయన చూసినది రెండు దోమలను. రాసినది రెండు దోమలను గురించి. మిగిలినదంతా తరువాతి పరీక్షలు కలిపినది. తెలిసినంతవరకే చెప్పడం, తెలియనిదానిని తెలియదని ఒప్పుకోవడం, చెప్పినదానికి ఆధారం చూపడం – పరిశోధన పరిభాషలోని పదాలన్నీ ఈ మూడు నియమాలను పాటించడానికి ఏర్పడినవే.

కఠిన పదాలకు అర్థాలు

తాలు = గింజ పట్టని పొల్లు
పరాన్నజీవి = వేరొక జీవిపై ఆధారపడి బ్రతికే జీవి
దత్తాంశం = పరిశీలన వల్ల లభించిన వివరం
సముదాయం = గుంపు, సమూహం
అనర్థం = కీడు
ప్రక్షిప్తం = తరువాత చేర్చినది
అవయవం = భాగం
సమంజసం = తగినది, యుక్తమైనది

అభ్యాసం

క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రొనాల్డ్ రాస్ పరిశోధన ఆధారంగా పరికల్పన, నమూనా, దత్తాంశం అనే పదాలను వివరించండి.
2. సహసంబంధానికి, కార్యకారణ సంబంధానికి గల భేదాన్ని సోదాహరణంగా తెలపండి.

క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నియంత్రిత సమూహం ఎందుకు అవసరం?
2. పూర్వపక్షం అంటే ఏమిటి? దానిని ఎలా చెప్పాలి?
3. పాఠాంతరానికి, ప్రక్షిప్తానికి గల తేడా ఏమిటి?

క్రింది వాక్యాన్ని పరిశోధన భాషలోకి మార్చి రాయండి.
‘మా వీధిలో ఐదుగురు ఈ కషాయం త్రాగారు, అందరికీ జ్వరం తగ్గింది కనుక ఇది జ్వరానికి మందని రుజువైంది.’